సుడోకు రాకపోతే మతిమరుపు మొదలైనట్టేనా?

పేరు, ఊరు రాయొద్దని చెప్పి ఒకావిడ పంపిన ఉత్తరం ఇది. చాలా పెద్దది, కుదించి చెప్తున్నాను.

ఆవిడకి 56 ఏళ్ళు. పదో తరగతి లెక్కల్లో రెండుసార్లు తప్పి మూడోసారి గట్టెక్కారు, అక్కడితో చదువు ఆగిపోయింది. పెళ్ళి, పిల్లలు, ఇల్లు. ఊళ్ళో డ్వాక్రా గ్రూపుకి పన్నెండేళ్ళుగా లెక్కల పుస్తకం రాసేది ఆవిడే. వాళ్ళ అమ్మగారు చివరి నాలుగేళ్ళూ మతిమరుపుతో ఉండి, కడుపున పుట్టిన పిల్లల్నే గుర్తుపట్టలేని స్థితిలో పోయారు. ఆ తర్వాత ఎవరో వాట్సాప్‌లో "రోజూ సుడోకు ఆడితే మతిమరుపు దగ్గరికి రాదు" అని పంపితే, కోడలితో ఫోన్లో ఆ ఆట, అంటే తొమ్మిది అడ్డ వరుసలు, తొమ్మిది నిలువు వరుసల గళ్ళలో అంకెలు నింపే పజిల్, వేయించుకున్నారు. ఇంట్లో ఆడవాళ్ళు ఐదుగురు, అంటే ఇద్దరు తోడికోడళ్ళు, ఇద్దరు ఆడపడుచులు, ఈవిడ, కలిసి ఒక గ్రూపు పెట్టుకున్నారు. రోజూ యాప్‌లో అందరికీ ఒకే పజిల్ వస్తుంది. రాత్రి తొమ్మిదికల్లా ఎవరెన్ని నిమిషాల్లో పూర్తి చేశారో ఫొటో తీసి పెట్టాలి.

ఈజీ వరకు బాగానే నడిచింది. మీడియం వచ్చేసరికి ఆగిపోయారు. అందరికన్నా ఆఖర్న ఉండలేక హింట్ (నొక్కితే యాప్ తానే ఒక గడి నింపేస్తుంది) నొక్కడం మొదలుపెట్టారు. ఒకరోజు ఏకంగా తొమ్మిది హింట్లు వాడి 6 నిమిషాల 20 సెకన్లలో ముగించారు. ఫొటోలో హింట్లు కనబడవు. గ్రూపంతా చప్పట్లు. పెద్ద ఆడపడుచుగారైతే "వచ్చే నెల మా గృహప్రవేశానికి వస్తావుగా, నా పక్కన కూర్చుని నేర్పించాలి" అన్నారట. అప్పట్నుంచి ఆవిడకి నిద్ర పట్టడం లేదు. రాత్రి పన్నెండింటి దాకా మంచంలో ఫోన్ పట్టుకుని ప్రాక్టీసు, భర్త విసుక్కోవడం, మొన్న ఈ ఆటలో పడి పాలు రెండుసార్లు పొంగిపోవడం. ఆవిడ అడిగిన ప్రశ్న ఆవిడ మాటల్లోనే: "చిన్న పిల్లలు ఆడే ఆట నాకెందుకు రావడం లేదు? అమ్మకొచ్చిందే నాకూ మొదలైందా? గృహప్రవేశానికి వెళ్ళాలా, ఏదో వంక చెప్పి మానేయాలా?"

ఇక నా సమాధానం.

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. సుడోకు గురించి మొదలుపెట్టారు గానీ ఉత్తరం నిండా ఉన్నది మీ అమ్మగారే. కన్నతల్లి "నువ్వెవరు?" అని అడిగిన ఇంట్లో ఉన్న కూతురికి, ఒక పేరు టక్కున గుర్తు రాకపోయినా గుండె ఝల్లుమంటుంది. అందుకని ముందు ఆ భయం గురించే మాట్లాడుకుందాం, ఆట తర్వాత.

ఎవరూ నేర్పని కొత్త ఆట రాకపోవడం మతిమరుపు కాదు. మీడియం సుడోకు చేయడానికి కొన్ని పద్ధతులు కావాలి. అవి మీకు ఎవరూ చెప్పలేదు, యాప్ అసలే చెప్పలేదు. డాక్టర్లు పట్టించుకునే గుర్తులు వేరుగా ఉంటాయి. ఏళ్ళుగా వెళ్ళొచ్చే దారిలో తప్పిపోవడం, పది నిమిషాల కింద అడిగిందే మళ్ళీ మళ్ళీ అడగడం, ఎన్నోసార్లు చేసిన పని మధ్యలో ఆగిపోయి తర్వాత ఏం చేయాలో తోచకపోవడం, ఇలాంటివి. మీ ఉత్తరంలో ఇవేవీ లేవు. ఈ నెల కూడా డ్వాక్రా పుస్తకంలో రూపాయి తేడా రాలేదని మీరే రాశారు. పాలు పొంగడమంటారా, కళ్ళు ఫోన్లో ఉంటే ఎవరి పాలైనా పొంగుతాయి. ధ్యాస ఇంకోచోట ఉండటం వేరు, జ్ఞాపకం పోవడం వేరు.

అలాగని ఉత్తరం చదివి ఎవరూ రోగం లేదని తేల్చలేరు, నేనూ తేల్చను. అనుమానం పీకుతూనే ఉంటే ఒకసారి డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. మీ అమ్మగారి సంగతి చెప్పండి. విటమిన్ బి12 తక్కువైనా, థైరాయిడ్ తేడా వచ్చినా, నిద్ర సరిగా లేకపోయినా, మనసు దిగులుగా ఉన్నా మరుపు రావచ్చు. వీటికి మందో మార్గమో ఉంది. వెళ్తే కొంత ఖర్చయినా ఒక భారం దిగుతుంది. వెళ్ళకపోతే ప్రతి సుడోకూ మీకు ఒక వైద్య పరీక్షలా తయారవుతుంది. ఇప్పుడు జరుగుతున్నది అదే.

ఆ వాట్సాప్ మాట గురించి కూడా చెప్పాలి. పజిల్స్ ఆడే అలవాటున్నవాళ్ళు జ్ఞాపకశక్తి పరీక్షల్లో కాస్త మెరుగ్గా చేస్తున్నట్టు కొన్ని అధ్యయనాల్లో కనిపించిన మాట నిజం. కానీ ఆడటం వల్ల బాగున్నారా, బాగున్నవాళ్ళే ఆడుతున్నారా అన్నది వాటితో తేలదు. సుడోకు ఎక్కువ ఆడితే ఖాయంగా వచ్చేది సుడోకులో నేర్పు. మతిమరుపుకి అది టీకా కాదు. బీపీ, షుగర్ అదుపులో పెట్టుకోవడం, నడవడం, చెవులు సరిగా వినపడకపోతే చూపించుకోవడం, నలుగురితో కలిసి ఉండటం, వీటి గురించి డాక్టర్లు ఇంతకన్నా గట్టిగా చెప్తారు. మీరు మందు మింగినట్టు ఆడుతున్నారు, అందుకే ఒక్కరోజు రాకపోతే డోసు తప్పినంత భయం.

సరే, ఆట దగ్గరికి వద్దాం. ఇది నాకు చాలా ఇష్టమైన విషయం, కొంచెం ఎక్కువే చెప్తాను.

మొదట మీ మనసులోంచి తీసేయాల్సింది, ఇది లెక్కల ఆట అన్న మాట. ఇందులో కూడికల్లేవు, తీసివేతల్లేవు. ఒకటి నుంచి తొమ్మిది దాకా అంకెల బదులు నవగ్రహాల పేర్లు రాసినా ఆట అంతే ఉంటుంది. అడ్డ వరుసలో రవి ఒక్కడే, నిలువు వరుసలో ఒక్కడే, మూడు వరుసల్లో మూడేసి చొప్పున తొమ్మిది గళ్ళుండే బాక్సులో ఒక్కడే. దీన్ని ఇప్పుడున్న రూపంలో తయారు చేసినాయన లెక్కల పండితుడు కూడా కాదు, అమెరికాలో ఇళ్ళకీ భవనాలకీ ప్లాన్లు గీసి రిటైరైన హొవార్డ్ గార్న్స్. 1979లో ఒక పజిల్ పత్రికలో మొదటిసారి వచ్చేనాటికి ఆయన వయసు 74. మీరేమో 56 ఏళ్ళకి నాకెందుకీ ఆటలు అంటున్నారు. తర్వాత జపాన్‌లో నికోలీ అనే పత్రిక వాళ్ళు 1984లో పట్టుకుని పేరు పెట్టారు, అంకెలు ఒంటరిగానే ఉండాలి అని దానర్థం. అక్కణ్ణుంచి హాంకాంగ్‌లో జడ్జీగా చేసిన వేన్ గౌల్డ్ ఆరేళ్ళు కూర్చుని పజిల్స్ తయారుచేసే కంప్యూటర్ ప్రోగ్రామ్ రాసుకుని 2004 నవంబర్‌లో లండన్ టైమ్స్ పేపర్లో వేయించాడు. ఆ తర్వాతే అందరి ఇళ్ళలోకీ వచ్చింది.

ఇంకో మాట. మీ ఉత్తరంలో ఒక వాక్యం దాటేసి వెళ్ళిపోయారు గానీ నేను అక్కడే ఆగాను. పెళ్ళిళ్ళలో రమ్మీ ఆడితే మిమ్మల్ని ఓడించేవాళ్ళు లేరని రాశారు. ఆఠీను ఆరూ ఎనిమిదీ చేతిలో పెట్టుకుని ఏడు కోసం చూస్తున్నారనుకోండి. రెండు పేకలు కలిపితే ఆఠీను ఏడు రెండే ఉంటాయి. ఒకటి మొదట్లోనే కింద పడిపోయింది, రెండోది ఎదుటావిడ ఎత్తుకుంది. అప్పుడేం చేస్తారు? జోకరు లేకపోతే ఆ ఆరునీ ఎనిమిదినీ పట్టుకు కూర్చోరు కదా. "ఇక రాదు" అని మీకెలా తెలిసింది? అదేనమ్మా, సుడోకు మొత్తం అదే. ఏది వస్తుందో ఊహించడం కాదు, ఏది రాదో కొట్టేసుకుంటూ పోవడం. మీకు రాని విద్య కాదిది, ముప్ఫై ఏళ్ళుగా వచ్చిన విద్యే ఇంకో వేషంలో ఉంది.

ఫోన్లో ఎలా చూడాలో ఒక్కటి చెప్తాను. పై మూడు అడ్డ వరుసలు తీసుకోండి. మొదటి వరుసలో 7 మధ్య బాక్సులో ఉంది, రెండో వరుసలో 7 కుడి బాక్సులో ఉంది. ఎడమ బాక్సుకీ ఒక 7 కావాలి. అది మొదటి వరుసలోకి రాదు, రెండో వరుసలోకీ రాదు, మిగిలింది మూడో వరుస. అక్కడ ఎడమ బాక్సుకున్న మూడు గళ్ళలో ఒకదాన్లో ముందే 4 వేసి ఉంది, ఇంకోదాని నిలువు వరుసలో కింద ఎక్కడో 7 కూర్చుని ఉంది. మిగిలింది ఒక్క గడి. అక్కడ 7 వేసేటప్పుడు మీకు అనుమానమే ఉండదు. ఇలా 1 తో మొదలుపెట్టి 9 దాకా ఒక్కో అంకెనీ బోర్డంతా తిప్పి చూడండి. ఖాళీ గడిని పట్టుకుని "ఇందులో ఏముంటుందబ్బా" అని చూస్తూ కూర్చుంటే కళ్ళు నొప్పెట్టడమే మిగులుతుంది, మీరు చేస్తున్నది అదేనని మీ రాతలో తెలుస్తోంది.

మీరు ఆగిపోయిన పజిల్ ఫొటో కూడా పంపారు కదా, దాన్ని నేను కూర్చుని చూశాను. ఐదో అడ్డ వరుసలో ఐదు ఖాళీలున్నాయి, రావాల్సినవి 2, 3, 5, 6, 8. చివరి గడిలో "3 అయినా పడుతుంది, 6 అయినా పడుతుంది, 3 వేశాను, ఎర్రగా వచ్చింది, నా ఖర్మ" అని రాశారు. ఖర్మ కాదు, అదే వరుసలో ఇంకో రెండు గళ్ళు మీరు చూడలేదు. మొదటి గడి చూడండి, నిలువు వరుసతో, బాక్సుతో కొట్టేసుకుంటే అక్కడ పట్టేవి 3, 8 మాత్రమే. ఆరో గడి చూడండి, అక్కడా 3, 8 మాత్రమే. ఇప్పుడు ఆర్టీసీ బస్సు గుర్తు తెచ్చుకోండి. కిటికీలోంచి రెండు సీట్ల మీద ఇద్దరు కర్చీఫులు వేశారు. వాళ్ళిద్దరిలో కిటికీ పక్కన ఎవరు కూర్చుంటారో మనకి తెలీదు. కానీ ఆ ఇద్దరూ ఆ రెండు సీట్లలోనే కూర్చుంటారు, వేరే ఎక్కడా కూర్చోరు. 3, 8 కూడా అంతే. ఆ రెండు గళ్ళూ వాటివే. కాబట్టి చివరి గడిలోకి 3 రాదు, 6 మాత్రమే రావాలి. ఆ రెండిట్లో ఏది ఎక్కడో తేలకముందే చివరి గడి తేలిపోయింది! మొదటిసారి ఇది అర్థమైన రోజు నేను పక్కనున్నవాళ్ళని లేపి మరీ చెప్పాను. మీడియం దాటాలంటే ముందు పట్టుకోవాల్సింది ఈ కర్చీఫు పద్ధతే.

ఇవి గుర్తుంచుకోవడానికే యాప్‌లో పెన్సిల్ బొమ్మ ఉంటుంది, నోట్స్ అంటారు. మీ ఫొటోలో ప్రతి గడిలోనూ ఐదారు చిన్న అంకెలు నింపేశారు, చూస్తే చీమలు పట్టిన పళ్ళెంలా ఉంది. బాక్సులో ఒక అంకెకి రెండే చోట్లు మిగిలినప్పుడు మాత్రం ఆ రెండు చోట్లా పెన్సిల్‌తో వేసుకోండి, మిగతావి మొదట్లో వద్దు. ఒకే బాక్సులో ఉన్న కర్చీఫులు వాటంతటవే కనబడతాయి. ఎక్కడైనా చిక్కుకుంటే ఆ ఒక్క వరుసకి మాత్రం అన్నీ రాసి చూడండి.

టైమర్ సంగతి. చాలా యాప్‌లలో సెట్టింగ్స్‌లోకి వెళ్తే గడియారం కనపడకుండా చేయొచ్చు, మూడు తప్పులకి ఆట అయిపోయే ఏర్పాటు కూడా తీసేయొచ్చు. గడియారం పరిగెడుతుంటే మనిషి ఆలోచించడు, విసురుతాడు. విసిరితే ఎరుపు, ఎరుపు చూసి కంగారు, కంగారులో హింట్. సరిగ్గా తయారుచేసిన సుడోకుకి జవాబు ఒకటే ఉంటుంది, గుడ్డిగా వేయాల్సిన అవసరం రాదు. ఈ ఒక్క నమ్మకం ఉంటే సగం టెన్షన్ పోతుంది.

హింట్ నొక్కడం తప్పా అన్నారు. నొక్కి ముందుకెళ్ళిపోతే మీకేమీ మిగలదు. నొక్కి ఆగితే అదే మీ పంతులు. అంకె పడగానే వెనక్కి తీసుకునే బాణం గుర్తు నొక్కి దాన్ని తీసేయండి. ఇప్పుడు జవాబు మీకు తెలుసు, "ఇక్కడ అదే ఎందుకు?" అని వెతకండి. కారణం దొరికాక మీ చేత్తో మీరు వేయండి. రోజుకి ఇలాంటిది ఒక్కటి చేసినా నెల తిరిగేసరికి మీకే తేడా తెలుస్తుంది. కాగితం అలవాటున్నవాళ్ళు కదా మీరు, ఫోన్ కన్నా పేపర్లో వచ్చే సుడోకు పెన్సిల్, రబ్బరుతో చేయడం మీకు ఇంకా హాయిగా ఉండొచ్చు. కాకపోతే తప్పు ఎక్కడ జరిగిందో పేపర్ ఎర్రగా చూపించదు, ఆఖర్న తెలిసి మొత్తం చెరపాల్సి వస్తుంది. ఆ ఓపిక ఉందా లేదా మీరే చూసుకోండి.

ఇక ఆ 6 నిమిషాల 20 సెకన్లు.

మీ ముందు దారులు రెండు మూడు ఉన్నాయి, ఏదీ ఖర్చు లేకుండా రాదు. గ్రూపులోనే రాసేయొచ్చు: "ఆ రోజు తొమ్మిది హింట్లు వాడాను, చెప్పకుండా ఫొటో పెట్టాను" అని. రెండు మూడు రోజులు ఆటపట్టిస్తారు, మీ చిన్న తోడికోడలు నోరు గురించి మీరు రాసినదాన్ని బట్టి నాలుగు రోజులు కూడా కావచ్చు. తర్వాత అయిపోతుంది. నాకు ఇంకొకటి కూడా అనిపిస్తోంది, ఐదుగురిలో హింట్ వాడింది మీరొక్కరే అయ్యుండరు. కానీ ఆ లెక్క వేసుకుని చెప్పకండి, వాళ్ళు వాడకపోతే మీరు ఇంకా చిన్నబుచ్చుకుంటారు.

గ్రూపులో నోరు రాకపోతే పెద్ద ఆడపడుచుగారికి ఒక్కరికే ఫోన్ చేసి చెప్పొచ్చు. నేర్పమని అడిగింది ఆవిడే కాబట్టి నిజం మొదట తెలియాల్సిందీ ఆవిడకే. దీనిలో ఉన్న చిక్కు ఏమిటంటే, ఆవిడ ఎవరికి చెప్తారో మీ చేతిలో ఉండదు. ఇంకొకరి నోట వింటే మిగతా ముగ్గురికీ కొంచెం గుచ్చుకుంటుంది.

ఏమీ చెప్పకుండా రేపట్నుంచి హింట్లు మానేయడమూ ఒక దారే. మీ టైం ఒక్కసారిగా ఇరవై ఐదు నిమిషాలకి వెళ్తుంది, "ఏమైంది వదినా, ఒంట్లో బాలేదా" అంటారు. అప్పుడు ఇంకో అబద్ధం కావాలి. వంక చెప్పి గృహప్రవేశం మానేస్తే అది ఇంకా ఖరీదు. ఒక ఫొటో కోసం ఆడపడుచు కొత్త ఇంట్లో పాలు పొంగించే రోజు దూరంగా ఉండిపోతారు, ఆ లోటు ఆవిడకి ఏళ్ళ తరబడి గుర్తుంటుంది. మీకూనూ.

నన్నడిగితే నేను మొదటిదే చేస్తాను. కానీ మీ ఇంటి మనుషులు మీకు తెలుసు, నాకు తెలీదు. ఏది చేసినా ఒక్కటి మాత్రం గ్రూపులో అడిగి చూడండి: టైం బదులు "ఇవాళ కష్టపెట్టిన గడి ఇదీ, ఇలా తేలింది" అని ఫొటో పెట్టుకుందామా అని. ఒప్పుకుంటే ఐదుగురూ ఒకరికొకరు నేర్పుకుంటారు. ఒప్పుకోకపోతే ఫొటో పెట్టడం మానేసి విడిగా ఆడుకోండి, కబుర్లకి గ్రూపులో ఉండండి. ఆఖరి స్థానం మీకు నిజంగా బాధ కాకపోతే టైంతోనే కొనసాగినా నష్టం లేదు.

ఆడపడుచుగారికి నేర్పాలన్నారు కదా, దాన్నీ వదులుకోకండి. కర్చీఫు సంగతి చెప్పడానికి మీడియంలో మొదటి స్థానం రానక్కర్లేదు, మీకు అర్థమైతే చాలు. ఇంకా నెల ఉంది.

మీ వారి విసుగుకి పెద్దగా చెప్పేదేమీ లేదు. రాత్రి మంచంలో ఫోన్ మానేసి మధ్యాహ్నం భోజనాలయ్యాక అరగంట పెట్టుకోండి. ఆ విసుగూ తగ్గుతుంది, మీకు నిద్రా పడుతుంది. స్టవ్ మీద ఏదైనా ఉన్నప్పుడు మాత్రం ఫోన్ ముట్టుకోకండి.

మీరు పంపిన పజిల్ నేను పూర్తి చేయలేదు, మీ కోసం అలాగే ఉంచాను. ఐదో వరుస చివర 6 వేయండి. వేశాక ఆ 6 ఉన్న నిలువు వరుసని పై నుంచి కిందికి ఒకసారి చూడండి, ఇప్పటిదాకా రెండు అంకెల మధ్య ఊగుతున్న గడి ఒకటి తేలిపోతుంది. ఏ గడో చెప్పను. దొరికితే ఆ గడిలో ఆ అంకే ఎందుకో ఒక్క వాక్యం రాసి పంపండి. ఎన్ని నిమిషాలు పట్టిందో రాయకండి.